నోరు ఒంటికి బయటిదా?

అనకాపల్లి బైపాస్ మీద బండి జారి పడి దవడ ఎముక విరిగితే ప్లేట్లు వేసి బిగించడానికి బీమా డబ్బులొస్తాయి. అదే దెబ్బకు అదే దవడలోంచి రాలిపోయిన పళ్లు పెట్టించుకోవాలంటే చాలా పాలసీల్లో పైసా రాదు. నోట్లో క్యాన్సర్ ముదిరి సగం దవడ కోసెయ్యాల్సి వస్తే లక్షలిస్తారు. అదింకా చెంప లోపల తెల్లమచ్చగా ఉన్నప్పుడు పళ్ల డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే, మంచమెక్కలేదు కాబట్టి, ఆ ఖర్చు మనదే. ఇదేదో కౌంటర్లో గుమాస్తా చేసిన తప్పు కాదు. ఇలాగే ఉండాలని పెద్దలు కూర్చుని కాగితం మీద రాసుకున్నారు. ఆ కాగితం చదివినప్పటి నుంచీ నా కడుపు మండుతోంది.

మా అన్నయ్యకు గవరపాలెంలో చిన్న పచారీ కొట్టు. ఏడాదికోసారి ఇంకేది మానుకున్నా ఆరోగ్య బీమా ప్రీమియం మాత్రం మానడు. వదినకు కింది వరసలో జ్ఞానదంతం అడ్డం తిరిగి ఉంది. నొప్పి వచ్చినప్పుడల్లా మందుల షాపులో రెండు బిళ్లలు తెచ్చుకుని మింగడం, తగ్గగానే మర్చిపోవడం. ఆడవాళ్ల నొప్పులన్నీ మన ఇళ్లల్లో ఇలాగే గడుస్తాయి. నూకాంబిక జాతర రోజుల్లో ఇంటినిండా చుట్టాలు. ఆ హడావుడిలో దవడ కింద వాపు మొదలైంది. మర్నాటికి నోరు రెండు వేళ్లు కూడా పట్టనంతగా బిగుసుకుపోయింది. ఆ సాయంత్రానికి ఉమ్మి మింగలేక గిన్నె దగ్గర పెట్టుకుని కూర్చుంది. పక్క వీధిలోని పళ్ల డాక్టరు చూసి ఒక్కటే మాటన్నాడు. "ఇది నా కుర్చీలో చేసే పని కాదండీ. మత్తు ఇవ్వాలి, గొంతులో గొట్టం వెయ్యాలి, ఐసీయూ ఉండాలి. ఆలస్యం చెయ్యకండి, వైజాగ్ తీసుకెళ్లిపోండి."

ఆ డాక్టరు భయపడిందేమిటో తర్వాత తెలిసింది. కింది దవడలో వెనకటి పళ్ల వేళ్లు నాలుక కింది కండరం కన్నా దిగువకు ఉంటాయి. అక్కడ చీము పడితే నోట్లోకి రాదు, మెడలోకి దిగుతుంది. నాలుక పైకి లేస్తుంది, వెనక్కి పోతుంది, ఊపిరి దారి మూసుకుంటుంది. లుడ్విగ్ అనే జర్మన్ డాక్టరు 1836లోనే దీన్ని వర్ణించి పెట్టాడు. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో ఇది వచ్చినవాళ్లలో చాలామంది పోయేవాళ్లు. ఇప్పటికీ గంటల్లో ప్రాణం తీయగల జబ్బే. మొదలయ్యేది మాత్రం ఎక్కువసార్లు ఒక పిప్పిపన్ను దగ్గర, లేదా సరిగా బయటికి రాని జ్ఞానదంతం దగ్గర.

వైజాగ్‌లో ఆస్పత్రి పేరు రాయను. డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు, వాళ్ల మీద నాకు కోపం లేదు. మెడ కింద కోసి చీము తీశారు, ఆ పన్ను పీకేశారు. లోపల ఆపరేషను జరుగుతుండగా బయట బీమా డెస్కు దగ్గర మా అన్నయ్య నిలబడి ఉన్నాడు.

"పన్ను కేసు సార్, క్యాష్‌లెస్ రాదు."

"మెడంతా వాచిపోయిందమ్మా, ఊపిరాడటం లేదు."

"మూలం పన్నే కదా సార్, డెంటల్ అని రాశారు. కంపెనీవాళ్లు ఇవ్వరు."

ఆ అమ్మాయి విసుక్కోలేదు, గొంతు పెంచలేదు. రోజూ అదే మాట చెప్పడం అలవాటైపోయిన గొంతు అది. వదిన నాను, గాజులు తాకట్టుకెళ్లాయి. డిశ్చార్జయ్యాక బిల్లులన్నీ జతచేసి పంపితే కంపెనీ నుంచీ అదే జవాబు వచ్చింది, ఈసారి ఇంగ్లీషులో, సంతకం కూడా లేని కాగితం మీద.

ఇదే చీము టాన్సిల్ దగ్గర మొదలై ఉంటే? అదే మెడ, అదే కత్తి, అదే ఐసీయూ మంచం. డబ్బు వచ్చేది. రెండింటికీ మధ్య ఎడం వేలెడు కూడా ఉండదు. ఆ వేలెడు ఎడంలో ఒక కుటుంబం అప్పులపాలైంది.

ఎందుకిలా అని పాలసీ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ కలిపి కొన్ని నిర్వచనాలు రాసిచ్చింది. వాటిని కంపెనీలు మార్చకూడదు. అందులో దంత చికిత్స అంటే పళ్లకూ, వాటిని పట్టి ఉంచే భాగాలకూ చేసే పరీక్షలు, సిమెంటు నింపడాలు, తొడుగులు, పీకడాలు, శస్త్రచికిత్స, అన్నీ ఒకే గంపలో వేసేశారు. పళ్లు శుభ్రం చేయించుకోవడమూ, దవడ ఎముక తొలిచి పన్ను తీయించుకోవడమూ వాళ్ల లెక్కలో ఒకటే. ఆ గంపను చాలా కంపెనీలు మినహాయింపుల జాబితాలోకి నెట్టేశాయి. కొన్ని పాలసీల్లో ప్రమాదం వల్ల అయితేనే ఇస్తామని ఉంటుంది. కొన్నింట్లో ఆస్పత్రిలో చేరాల్సి వస్తే ఇస్తామని ఉంటుంది. ఇంకొన్నింట్లో ఆ రెండూ ఉండాలి, ప్రమాదమూ జరగాలి, ఆస్పత్రిలోనూ చేరాలి. నాలుగు మాటల తేడా. ఆ నాలుగు మాటల మీదే వేల రూపాయలు ఆధారపడి ఉంటాయి. పాలసీ అమ్మేటప్పుడు ఏ ఏజెంటూ వాటి మీద వేలు పెట్టి చూపించడు.

ఇంకా ఉంది. శస్త్రచికిత్స అంటే ఆస్పత్రిలోగానీ డే కేర్ సెంటర్లోగానీ డాక్టరు చేసేదే అని మరో నిర్వచనం. ఆస్పత్రి అంటే చట్టప్రకారం ఆస్పత్రిగా రిజిస్టరై ఉండాలి. లేకపోతే పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో కనీసం పది పడకలుండాలి, రాత్రీపగలూ నర్సులుండాలి, సొంత ఆపరేషన్ థియేటర్ ఉండాలి. అనకాపల్లి మెయిన్ రోడ్డు మీద నడుస్తూ బోర్డులు చూడండి. ఏ పళ్ల డాక్టరు దగ్గర పది పడకలుంటాయి? వాళ్ల దగ్గర ఉండేది కుర్చీ. పళ్ల వైద్యం చాలావరకు ప్రపంచంలో ఎక్కడైనా కుర్చీలోనే జరుగుతుందని ఈ నిర్వచనం రాసినవాళ్లకు తెలియదా? పోనీ పడకలకు బదులు డే కేర్ అందామా? అక్కడా తలుపు మూశారు. మామూలుగా ఓపీలో చేసే చికిత్స ఏదీ డే కేర్ కిందకు రాదట.

అన్నింటికన్నా నన్ను మండించింది డాక్టరు నిర్వచనం. వైద్య మండలిలో నమోదైనవాళ్లు డాక్టర్లు. ఆయుర్వేదం, హోమియో మండలుల్లో నమోదైనవాళ్లూ డాక్టర్లే, సంతోషం. పళ్ల డాక్టర్లు నమోదయ్యే దంతవైద్య మండలి ఊసే ఆ వాక్యంలో లేదు. ఐదేళ్లు బీడీఎస్ చదివి, ఆపైన మూడేళ్లు నోటి, దవడల శస్త్రచికిత్సలోనే ఎండీఎస్ చేసినవాడు, విరిగిన ముఖాలను అతికేవాడు, ఆ వాక్యం ప్రకారం డాక్టరు కాడు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. 2023లో పార్లమెంటు దాని స్థానంలో జాతీయ దంతవైద్య కమిషన్ చట్టం చేసింది. దేశం వాళ్లను గుర్తించి ఇన్ని దశాబ్దాలైంది. బీమా నిర్వచనంలో ఒక్క మాట చేర్చడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

చెయ్యలేక చెయ్యలేదా అంటే అదీ కాదు. అదే ఐఆర్‌డీఏఐ 2020లో ఆరోగ్య సంజీవని అనే ప్రామాణిక పాలసీ తెచ్చింది. ఆరోగ్య బీమా అమ్మే ప్రతి కంపెనీ దాన్ని అమ్మాలి. అందులో జబ్బు వల్లగానీ గాయం వల్లగానీ అవసరమైన దంత చికిత్స ఆస్పత్రి ఖర్చుల్లో భాగమని స్పష్టంగా రాసి ఉంది. సామాన్యుడి కోసం చేసిన పాలసీ అది. అందులో ఇవ్వగలిగింది, అంతకన్నా ఎక్కువ ప్రీమియం గుంజే పాలసీల్లో ఎందుకివ్వరు? ఆ ఒక్క వాక్యం మిగతా పాలసీలన్నింట్లోనూ ఉండి తీరాలని ఎందుకు ఆదేశించరు? మా అన్నయ్య దగ్గర సంజీవని పాలసీ లేదు. ఏజెంటు ఇంతకన్నా మంచిదని ఇంకొకటి అంటగట్టాడు.

ఈ నిబంధనలు మనిషి చేత ఏం చేయిస్తాయో చూడండి. పన్ను నొప్పిగా ఉన్నప్పుడు కుర్చీలో కూర్చుని కొన్ని వేలతో తీయించుకుంటే బీమా రాదు. అంచేత రోజుకూలీవాడు వాయిదా వేస్తాడు. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కలాసీ ఒక పూట పని పోగొట్టుకుని, పైగా చేతి డబ్బు పెట్టి పన్ను తీయించుకుంటాడా? లవంగం నూనె పెట్టుకుంటాడు, బిళ్ల మింగుతాడు, బరువెత్తుకుంటాడు. వాచి, జ్వరమొచ్చి, మంచమెక్కాక గానీ అతని నొప్పి ఏ పథకానికీ కనబడదు. మంచమెక్కాక కూడా, మా వదిన విషయంలో చూశాంగా, కనబడుతుందన్న నమ్మకం లేదు.

ఈ మాట అనకాపల్లి నుంచి, ఉత్తరాంధ్ర నుంచి చెప్పడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. మన తీరంలో అడ్డపొగ ఉంది. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా జాలర్లు మొదలుపెట్టారంటారు. కానీ పెద్దవయసు ఆడవాళ్లలోనే ఎక్కువ చూస్తాం. వలలు బాగుచేస్తూ, చేపలు ఎండబెడుతూ, నోట్లో నిప్పు పెట్టుకుని తాపీగా మాట్లాడే అప్పలను నా చిన్నప్పుడు పూడిమడకలో చూశాను. ఆ వేడి నేరుగా అంగిలికి తగులుతుంది. అంగిలి తెల్లబడుతుంది, చిన్న చిన్న ఎర్ర చుక్కలు పడతాయి, కొందరిలో అదే పుండై, క్యాన్సరవుతుంది. ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెజనం నోళ్లు తెరిపించి చూసి, వాళ్ల అంగిళ్ల మీద మచ్చల గురించి పరిశోధకులు 1971లోనే బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో అచ్చువేశారు. మన అవ్వల అంగిళ్ల బొమ్మలు ప్రపంచంలోని దంతవైద్య పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. అరశతాబ్దం దాటిపోయింది. ఆ మచ్చను మచ్చగా ఉన్నప్పుడే పళ్ల డాక్టరు తీసేస్తే ఆ ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్నకు ఇవాళ్టికీ సమాధానం లేదు.

క్యాన్సరయ్యాక సమాధానం ఉంది. ఆరోగ్యశ్రీ 2007లో మూడు జిల్లాల్లో మొదలైతే, ఆ మూడింట్లో శ్రీకాకుళం ఒకటి. ఈ పథకం ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో నాకు తెలుసు, దాన్ని తక్కువ చేసి మాట్లాడే నాలుక నాకు లేదు. పేరు మారింది, మళ్లీ మారింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. పరిమితి 2023 చివర్లో 25 లక్షలకు పెరిగింది. మూడు వేలకు పైగా చికిత్సల జాబితా. నోటి క్యాన్సర్ ఆపరేషన్లు, గ్రహణం మొర్రి, ముఖం ఎముకలు విరిగిన కేసులు అందులో ఉన్నాయి. అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి మనకు కూతవేటు దూరంలో ఉంది. అంటే అంగిలి కోసెయ్యడానికి డబ్బుంది, వైద్యులున్నారు, భవనం ఉంది. అంగిలి కోసే అవసరం రాకుండా చూసే చిన్న పనికి మాత్రం ఖాతా లేదు. ముప్పై దాటినవాళ్ల నోళ్లు చూడాలని జాతీయ కార్యక్రమం ఉంది, ఏఎన్ఎంలు టార్చిలైటు పట్టుకుని ఇళ్లకు వస్తారు కూడా. మచ్చ కనబడితే? "పెద్దాసుపత్రికి ఎల్లమ్మా" అంటారు. పూడిమడకలోని ముసలమ్మ ఒక్కతే బస్సెక్కి విశాఖ కేజీహెచ్‌కు వెళ్లి, ఓపీ చీటీ రాయించుకుని, ఏ గదో కనుక్కుని, మళ్లీ రిపోర్టు కోసం ఇంకో రోజు రావాలి. ఆమె వెళ్లదు. వెళ్లదని చెప్పినవాళ్లకూ తెలుసు.

ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఈ రాష్ట్రంలో విజయవాడలో ఒకటి ఉంది, కడపలో ఒకటి ఉంది. మనకు దగ్గరిదైన విజయవాడ మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. విశాఖ చుట్టుపక్కల ఉన్నవి ప్రైవేటువి. అడ్డపొగతో అంగిళ్లు కాల్చుకున్న నేలకు ఒక్క ప్రభుత్వ దంత కళాశాల ఇవ్వాలని ఇన్ని ప్రభుత్వాల్లో ఒక్కదానికైనా తోచలేదు.

ఈ నిర్లక్ష్యం మన ఒక్కరిదే కాదు, అదేమీ ఓదార్పూ కాదు. ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మందికి నోటి జబ్బులున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. అమెరికాలో వృద్ధుల కోసం 1965లో చేసిన మెడికేర్ చట్టంలోనే పళ్లను పక్కన పెట్టేశారు. అక్కడున్న మన పిల్లలకు ఒంటికో బీమా, పళ్లకో బీమా విడివిడిగా ఉంటాయి. జ్ఞానదంతం తీయించుకోవాలంటే అది మెడికలా డెంటలా అని రెండు కంపెనీలకూ ఫోన్లు చేస్తూ కూర్చోవాలి. 2007లో మేరీల్యాండ్‌లో పన్నెండేళ్ల పిల్లవాడు పన్ను చీము మెదడుకెక్కి చనిపోయాడు. 80 డాలర్లతో పన్ను పీకించి ఉంటే బతికేవాడు. పేదల వైద్య పథకం గడువు దాటిపోవడం, పళ్లు చూసే డాక్టరు దొరక్కపోవడం, ఇంతే కారణాలు. వాణ్ని బతికించడానికి ఆస్పత్రిలో పెట్టిన ఖర్చు రెండు లక్షల డాలర్లు దాటింది. కానీ అక్కడ జనం ఊరుకోలేదు. పేపర్లు రాశాయి, చట్టసభలో ఆ పిల్లవాడి పేరెత్తి అడిగారు. 2009లో పిల్లల ఆరోగ్య బీమా చట్టంలో దంత వైద్యం తప్పనిసరి చేశారు. మన దగ్గర పన్ను చీముతో పోయినవాళ్ల మరణ పత్రాల్లో సెప్సిస్ అని రాస్తారు. పన్ను పేరు ఎక్కడా ఉండదు. కాబట్టి ఎవరూ అడగరు.

ఇప్పుడు అడగాల్సిన సమయం. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం అందరికీ ఆరోగ్య బీమా విధానానికి ఆమోదం తెలిపింది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ ఇస్తుంది, ఆపైన 25 లక్షల వరకూ ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు చూసుకుంటుంది. అంటే ఇంతకాలం ట్రస్టు చేతిలో ఉన్న మొదటి తలుపు కంపెనీ చేతికి వెళుతుంది. కంపెనీలకు నోరంటే ఏమిటో నేను పైన రాశాను. ఒప్పంద పత్రాల్లో ఏ నిర్వచనాలు పెడుతున్నారో ఆరోగ్యశాఖ చూస్తోందా? పన్ను మూలమైన మెడ వాపును, దవడ చీమును, తిత్తులను, జ్ఞానదంతం శస్త్రచికిత్సను, నోటి మచ్చల బయాప్సీని పేరుపేరునా రాయించాలి. రాయించకపోతే మా వదిన విన్న మాటే కోటిన్నర కుటుంబాలు వింటాయి.

ఐఆర్‌డీఏఐ కార్యాలయం ఎక్కడో లేదు, హైదరాబాద్‌లోనే ఉంది. తెలుగు గడ్డ మీద కూర్చుని తెలుగువాడికి అర్థంకాని కాగితాలను ఆమోదిస్తోంది. పాలసీ సారాంశాన్ని ఒక పత్రంగా ఇవ్వాలని, కోరితే స్థానిక భాషలో ఇవ్వాలని 2024 జనవరి నుంచి నిబంధన అమల్లో ఉంది. కోరితేనట! ఉందని తెలియనివాడు ఎలా కోరతాడు? అచ్యుతాపురంలో బట్టల కంపెనీలకు బస్సుల్లో వెళ్లే ఆడపిల్లలు, పరవాడ ఫార్మా కంపెనీల్లో కాంట్రాక్టు కుర్రాళ్లు, మార్కెట్ కలాసీలు, వీళ్లలో ఎంతమందికి ఎవరు చెప్పారు? మేం అడిగినప్పుడు మా ఏజెంటుకే తెలియదు.

ఇది చదివేవాళ్లలో ఇలాంటి కాగితం అందుకున్నవాళ్లుంటే ఊరుకోకండి. ముందు మీ పాలసీలో మినహాయింపు ఏ మాటల్లో ఉందో చదివించుకోండి. ఆస్పత్రిలో చేరాల్సి వస్తే ఇస్తామని ఉంటే, పన్ను అన్న ఒక్క మాటతో కాదనే హక్కు వాళ్లకు లేదు. డిశ్చార్జి కాగితంలో జబ్బు పేరు పూర్తిగా రాయించుకోండి, ఎంత మేర వ్యాపించిందో, ఊపిరికి ఎంత ప్రమాదమైందో రాయమని డాక్టరును అడగండి. ఐఆర్‌డీఏఐ 2024 మే నాటి ఆదేశం ప్రకారం క్లెయిమును కాదనాలంటే కంపెనీలోని సమీక్షా కమిటీ ఒప్పుకోవాలి, పాలసీలోని ఏ షరతు వల్ల కాదంటున్నారో చెప్పాలి. ఆ వివరం అడగండి. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాలో నమోదు చెయ్యండి, 155255కు ఫోన్ చేసినా తీసుకుంటారు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

మా అన్నయ్య ఫైలు అక్కడికి వెళ్లింది. కొట్టు కట్టేశాక రాత్రుళ్లు ఇద్దరం కూర్చుని బిల్లులు వరసపెట్టాం. వదిన మెడ మీద మచ్చకు ఫోటో తీసి అది కూడా జతచేశాం, దంత చికిత్స అని వాళ్లు రాసిన చోట ఎరుపు సిరాతో గీత గీసి. డబ్బు వస్తే తాకట్టు విడుస్తుంది. కానీ అంతటితో ఆ కంపెనీని నేను వదలను, నిర్వచనాలు రాసినవాళ్లనూ వదలను. డాక్టరు నిర్వచనంలో దంతవైద్య మండలి పేరు చేర్చమని, కుర్చీలో చేసే నోటి శస్త్రచికిత్సలను డే కేర్ జాబితాలో పెట్టమని, సంజీవనిలోని వాక్యం అన్ని పాలసీలకూ తప్పనిసరి చెయ్యమని ఐఆర్‌డీఏఐ ఛైర్మన్‌కు ఉత్తరం రాశాను. తెలుగులో రాశాను. ఆ ఉత్తరం నకలు కలెక్టరుగారికీ, మా ఎమ్మెల్యేకూ, ఎంపీకీ పంపాను. జవాబు వచ్చేదాకా రాస్తూనే ఉంటాను.